చెన్నై నుంచి శ్రీపెరుంబుదూర్: రామానుజుల పుట్టినచోటు సరిగ్గా చూసిరావడం ఎలా

మా ఇంటికి నెల్లూరు నుంచో గుంటూరు నుంచో చుట్టాలు వస్తారు. ఆస్పత్రి పనో పెళ్లి పనో ముగిశాక, బట్టలు సర్దుకుంటూ ఒక మాట అడుగుతారు. "రామానుజుల ఇల్లు ఇక్కడికి దగ్గరేనటగా, చూపించకూడదూ?" ఫోన్ చేసి అడిగేవాళ్లు వేరే ఉన్నారు. ప్రతిసారీ సగం సగం చెప్పి, వాళ్లు అక్కడికెళ్లి తికమకపడి, మళ్లీ నాకే ఫోన్ చేయడం మామూలైపోయింది. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

ఆయన మహత్తు గురించి ఇక్కడ రాయడం లేదు. ఎప్పుడు బయల్దేరాలి, ఎక్కడ దిగాలి, ముందు ఏది చూడాలి, ఎక్కడ పొరబడతాం అన్నవే రాస్తాను.

1. ముందు ఒక మాట: అక్కడ ఇల్లు ఉండదు

చాలామంది నిరాశపడేది ఇక్కడే. రామానుజులు పుట్టింది 1017లో. నాటి ఇల్లు, ఊయల, తాళపత్రాల పెట్టె అద్దాల వెనక పెట్టి చూపిస్తారనుకుని వెళ్తే చిన్నబోయి తిరిగొస్తారు. ఆదికేశవ పెరుమాళ్ గుడి దగ్గర ఒక మండపం ఉంటుంది. దాన్నే అవతార స్థలం అంటారు. పక్కనే గుడి, గుడిలో ఆయన సన్నిధి, ఊళ్లో అనంతసరస్సు అనే కోనేరు. చూడాల్సింది ఇంతే.

మరి చిన్ననాటి ఇల్లు ఏది? నా లెక్కలో అది ఒక గడప కాదు, ఒక రోడ్డు. పిల్లలు కలగాలని తండ్రి ఆసూరి కేశవ సోమయాజి యాగం చేసింది తిరువల్లిక్కేణిలో, అంటే మన ట్రిప్లికేన్‌లో. పిల్లవాడు పుట్టి పెరిగింది శ్రీపెరుంబుదూర్‌లో. రోజూ ఆ ఊరి మీదుగా నడిచి వెళ్లే తిరుక్కచ్చి నంబిది పూందమల్లి. చదువు కోసం వెళ్లింది కంచి వైపు. ఇప్పుడు మనం బెంగళూరు రోడ్డు అంటున్న దారి పొడుగునా ఈ ఊళ్లన్నీ వరుసగా ఉన్నాయి. ఈ సంగతి మనసులో పెట్టుకుని వెళ్తే మండపం చిన్నగా ఉందన్న వెలితి ఉండదు.

ఇంకో చిన్న సంగతి. "మతస్థాపకులు" అని మనం తేలిగ్గా అనేస్తాం. అక్కడి పెద్దవాళ్ల ముందు అనకండి. నాథమునులు, యామునాచార్యుల నుంచి వచ్చిన సంప్రదాయాన్ని ఆయన నిలబెట్టారని వాళ్ల మాట. మా బాబాయి ఒకసారి అనేశారు. వెంటనే గురుపరంపర మొత్తం, నిలబడే, వినాల్సి వచ్చింది.

2. రోజు ఎంచుకోవడం

ప్రశాంతంగా చూడాలంటే పండుగ లేని శనాదివారాలు, లేదా సెలవు దొరికితే మంగళ, బుధవారాలు మంచివి. మామూలు పనిరోజుల్లో గుడి ఖాళీగానే ఉంటుంది, రోడ్డే ఖాళీగా ఉండదు. పూందమల్లి దాటాక ఫ్యాక్టరీలు మొదలవుతాయి. షిఫ్టు బస్సులన్నీ ఒకేసారి రోడ్డెక్కితే అరగంట దారికి గంటన్నర పడుతుంది.

ఉత్సవం చూడాలనుకుంటే రెండు సందర్భాలు గుర్తుపెట్టుకోండి.

- చిత్తిరై నెలలో తిరువాదిరై, అంటే మన ఆరుద్ర నక్షత్రం. రామానుజుల తిరునక్షత్రం, అంటే జన్మనక్షత్రం ఇదే. దానితో ముగిసేలా పదిరోజుల ఉత్సవం చేస్తారు.
- తై నెలలో (జనవరి, ఫిబ్రవరి మధ్య) పుష్యమి. దీన్ని గురుపుష్యం అంటారు. ఆయన ఉత్సవమూర్తిని ప్రతిష్ఠించిన రోజుగా జరుపుతారు.

తెలుగువాళ్లం తేదీ తప్పేది సరిగ్గా ఇక్కడే. చిత్తిరై అనగానే చైత్రం అనుకుని మన పంచాంగం తిరగేస్తాం. వాళ్లది సౌరమానం. చిత్తిరై ఏప్రిల్ 14 ప్రాంతంలో మొదలై మే మధ్య వరకు ఉంటుంది. ఆ నెలలో ఆరుద్ర మన లెక్కకు ఎక్కువగా వైశాఖ శుద్ధంలో పడుతుంది. 2023లో ఏప్రిల్ 25న వచ్చింది, 2025లో మే 2న. కాబట్టి చైత్రం చూసి టికెట్లు తీసుకోకండి, తమిళ క్యాలెండర్ చూడండి. చెన్నైలో ఏ ఇంటి గోడకైనా ఒకటి వేలాడుతూనే ఉంటుంది.

అన్నట్టు, "తిరువాదిరై" అని ఊరికే అంటే చెన్నైలో చాలామందికి మార్గళిలో, అంటే ధనుర్మాసంలో వచ్చే శివుడి ఆరుద్ర దర్శనం గుర్తొస్తుంది. "చిత్తిరై తిరువాదిరై" అని పూర్తిగా అనండి.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లను, పసిపిల్లలను తిరునక్షత్రం రోజున తీసుకెళ్లకపోవడమే మంచిది. అది చిత్తిరై ఎండ, పైగా జనం. పెద్దవాళ్లతో అయితే డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్లండి. ధనుర్మాసంలో గుడి వేళలు ముందుకు జరుగుతాయి కాబట్టి ఇంకా త్వరగా బయల్దేరాలి.

3. పేర్లు సరిచూసుకోవడం

ఈ పని ఎవరూ చేయరు, నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యం ఇదే. మనం పుస్తకాల్లో చదివిన పేర్లు సంస్కృతంలో ఉంటాయి. అక్కడ బోర్డుల మీద, అర్చకుల నోట తమిళ పేర్లు వినిపిస్తాయి. ఒకరినే ఇద్దరనుకుని తిరిగొచ్చినవాళ్లు నాకు తెలుసు. ఈ జాబితా ఫోన్‌లో పెట్టుకోండి.

- ఇళయాళ్వార్: చిన్నప్పటి రామానుజులు. మేనమామ తిరుమల నంబి పెట్టిన పేరు.
- ఉడయవర్, ఎంబెరుమానార్, భాష్యకారర్: పెద్దయ్యాక రామానుజులు. గుడిలో "ఉడయవర్ సన్నిధి" అంటే ఆయన సన్నిధే.
- పెరియ తిరుమలై నంబి: మన శ్రీశైలపూర్ణులు. తల్లి కాంతిమతికి అన్నగారు, తిరుమలలో తీర్థ కైంకర్యం, అంటే స్వామికి నీళ్లు తెచ్చే సేవ చేసినవారు.
- తిరుక్కచ్చి నంబి: మన కాంచీపూర్ణులు.
- పెరియ నంబి: మన మహాపూర్ణులు.
- ముదలియాండాన్: మన దాశరథి, రామానుజుల మేనల్లుడు.
- ఎంబార్: మన గోవిందాచార్యులు, పినతల్లి కొడుకు.
- కూరత్తాళ్వాన్: మన కూరేశులు.
- భూతపురి: శ్రీపెరుంబుదూర్‌కు సంస్కృతంలో ఉన్న పేరు.

తమిళం రాకపోతే ఈ మూడు ముక్కలు చాలు. అర్చకులను "స్వామీ" అని పిలవండి.

- "ఉడయవర్ సన్నిధి ఎంగె?" – సన్నిధి ఎక్కడ?
- "నడై ఎప్పో సాత్తువాంగ?" – తలుపులు ఎప్పుడు మూస్తారు?
- "అవతార స్థలం ఎంద పక్కం?" – పుట్టినచోటు ఎటువైపు?

ఎలాగూ అక్కడ చాలామందికి తెలుగు కొద్దో గొప్పో అర్థమవుతుంది. తిరుపతికి వెళ్లి రాని వైష్ణవులు ఎవరుంటారు!

4. ముందురోజు సాయంత్రం: ట్రిప్లికేన్

చెన్నైలోనే ఉన్నాం కాబట్టి ఇది కలుపుకోవడం తేలిక. సాయంత్రం అయిదు తర్వాత పార్థసారథి స్వామి గుడికి వెళ్లండి. మూలవిరాట్టుకు మీసాలుంటాయి. పిల్లలకు ముందే చెబితే ఆసక్తిగా చూస్తారు.

గుడి ముందు కోనేటి పేరు కైరవిణి. కేశవ సోమయాజి యాగం చేసింది దీని ఒడ్డునే అంటారు. దర్శనమయ్యాక గట్టు దగ్గర పది నిమిషాలు ఆగి, పిల్లలకు ఈ కథ చెప్పండి. మర్నాడు వాళ్లు "ఇక్కడికెందుకొచ్చాం" అని అడగరు.

కారులో వెళ్లకండి. ఆ మాడవీధుల్లో బండి పెట్టడానికి చోటు వెతికే లోపు హారతి అయిపోతుంది. ఆటోలోనో, లోకల్ రైల్లో తిరువల్లిక్కేణి స్టేషన్‌లో దిగో వెళ్లడం నయం.

5. దారి, బండి

శ్రీపెరుంబుదూర్ చెన్నై నుంచి దాదాపు 40 కిలోమీటర్లు, బెంగళూరు హైవే మీద. ఊరికి రైల్వే స్టేషన్ లేదు. రైల్లో వెళ్దామనుకునేవాళ్లు ఆ ఆలోచన మానుకోండి.

సొంత కారు లేదా క్యాబ్: పొద్దున అయిదున్నరకల్లా బయల్దేరండి. క్యాబ్ అయితే రానూపోనూ మాట్లాడుకోండి. అక్కడి నుంచి తిరుగు ప్రయాణానికి వెంటనే బండి దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. కంచి కూడా ఉంటే రోజంతటికీ మాట్లాడుకోవాలి. ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయో లేదో రాత్రే చూసుకోండి.

బస్సు: నగరంలో చాలాచోట్ల నుంచి పూందమల్లికి సిటీ బస్సులు ఉంటాయి. అక్కడి నుంచి శ్రీపెరుంబుదూర్‌కు మళ్లీ బస్సు. కంచి వెళ్లే బస్సు ఎక్కితే ఊళ్లోకి వెళ్తుందా, హైవే మీదే దింపేస్తుందా అని ఎక్కేముందే అడగండి. హైవే మీద దింపితే గుడికి ఆటో పట్టుకోవాలి. నడిచే దూరమే, కానీ ఎండలో పెద్దవాళ్లతో వద్దు.

మ్యాపులో ఊరి పేరు ఒక్కటే కొట్టకండి. ఎక్కడో హైవే పక్కన ఆపేస్తుంది. "ఆదికేశవ పెరుమాళ్ కోయిల్" అని పెట్టుకోండి. ఆటో డ్రైవరుతో కూడా గుడి పేరే చెప్పండి. బయటి ఊరివాళ్లు కనిపిస్తే చాలామంది డ్రైవర్లు రాజీవ్ గాంధీ స్మారకం చూడ్డానికే వచ్చారనుకుంటారు. 1991లో ఆయన హత్య జరిగింది ఈ ఊళ్లోనే. స్మారకం హైవే పక్కన ఉంది. మా అత్తయ్యగారిని ఒకసారి నేరుగా అక్కడికే తీసుకెళ్లి దింపారు. ఆవిడ పూలబుట్టతో దిగి, ఎదురుగా గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లను చూసి, "ఇదేం గుడిరా!" అన్నారు.

దారిలో పూందమల్లి: సమయం ఉంటే వరదరాజ పెరుమాళ్ గుడి దగ్గర ఆగండి. తిరుక్కచ్చి నంబి పుట్టిన ఊరు ఇదే. ఆయన ఇక్కడి పూలు తీసుకుని కంచి వరదరాజస్వామి సేవకు శ్రీపెరుంబుదూర్ మీదుగా వెళ్లేవారనీ, ఆ దారిలోనే చిన్న ఇళయాళ్వార్ ఆయన్ని చూసి, ఇంటికి పిలిచి, పాదాల దగ్గర కూర్చునేవాడనీ పెద్దలు చెబుతారు. నంబి బ్రాహ్మణుడు కాదు. ఆ పిల్లవాడికి అది అడ్డు కాలేదు. రామానుజుల బాల్యం గురించి ఒక్క కథే చెప్పమంటే నేను ఇది చెబుతాను.

రోజూ పూందమల్లి నుంచి కంచికి నడక అంటే ఎన్ని కిలోమీటర్లని మా అబ్బాయి ఫోన్‌లో లెక్కలు వేశాడు. యాభైకి దగ్గరగా వచ్చింది. "తిరిగి రావడం కూడానా?" అన్నాడు. జవాబు చెప్పలేదు. అరటిపండు ఇచ్చాను.

6. గుడిలో: ఏది ముందు, ఏది తర్వాత

గుడికి ఏడున్నర, ఎనిమిది మధ్య చేరుకుంటే అన్నీ తీరిగ్గా అవుతాయి. మధ్యాహ్నం పన్నెండుకు తలుపులు మూస్తారు, మళ్లీ సాయంత్రం నాలుగు తర్వాతే. పండుగ రోజుల్లో ఇది మారుతుంది. పదకొండు దాటాక చేరేలా మాత్రం ఎప్పుడూ ప్లాన్ చేయకండి.

ఒకటి: చెప్పులు బండిలోనే వదలండి. కాళ్లు కడుక్కుని, తులసిమాల తీసుకోండి. పెద్ద పూలబుట్టలు, పళ్లేలు అక్కర్లేదు.

రెండు: ధ్వజస్తంభం దగ్గర ఒక్క నిమిషం ఆగి నమస్కారం చేసుకోండి. సాష్టాంగపడేది ఇక్కడే. సన్నిధుల ముందు ఇరుకులో పడితే వెనక వచ్చేవాళ్ల కాళ్లకు అడ్డం.

మూడు: ముందు ఉడయవర్ సన్నిధి, తర్వాత తాయార్, ఆపైన పెరుమాళ్. నేను పాటించే వరుస ఇది. ఆచార్యుల ద్వారా అమ్మను, అమ్మ ద్వారా స్వామిని చేరాలన్నది వైష్ణవుల పద్ధతి. ఆ సమయంలో ఏదో ఒక సన్నిధిలో తెర వేసి ఉంటే పట్టుదలకు పోకుండా అర్చకులు చెప్పినట్టు వెళ్లండి. ఇక్కడ తాయార్ పేరు యతిరాజనాథవల్లి. యతిరాజు అంటే రామానుజులు. అంటే అమ్మవారి పేరులో కూడా ఈ ఊరి పిల్లవాడి పేరే ఉంది.

నాలుగు: ఉడయవర్ సన్నిధిలో తొందరపడకండి. వచ్చింది దీనికోసమే. ఇక్కడి ఉత్సవమూర్తిని "తాన్ ఉగంద తిరుమేని" అంటారు, అంటే తాను ఇష్టపడిన రూపం. రామానుజులు జీవించి ఉండగానే చేయించిన మూర్తి ఇది అనీ, ఆయనే దీన్ని కౌగిలించుకున్నారనీ సంప్రదాయం. కర్ణాటకలోని మేల్కోటెలో ఉన్నది "తమర్ ఉగంద తిరుమేని", శిష్యులు ఇష్టపడిన రూపం. శ్రీరంగంలో ఉన్నది "తానాన తిరుమేని", తానే అయిన రూపం. మూలమూర్తిని చూసి వచ్చేయకండి, ఉత్సవమూర్తిని చూపించమని అడిగి మరీ చూడండి. చాలామందికి జరిగే పొరపాటు ఇదే. ఎదురుగా కనిపించే పెద్ద విగ్రహానికి దండం పెట్టి, ముందున్న చిన్న మూర్తిని గమనించకుండా వచ్చేస్తారు.

అయిదు: శఠగోపం పెట్టినప్పుడు దాని పేరు అడగండి. పెరుమాళ్ పాదుకలకు నమ్మాళ్వారుల పేరు మీద శఠారి అంటాం కదా. రామానుజుల పాదుకలను "ముదలియాండాన్" అంటారు. మేనల్లుడు మామ పాదాల దగ్గర అలా ఉండిపోయాడు. అర్చకులకు తీరిక ఉంటే వాళ్లే చెబుతారు.

ఆరు: గోష్ఠి జరుగుతుంటే, అంటే దివ్యప్రబంధం పాడుతుంటే, వాళ్లకూ సన్నిధికీ మధ్య నుంచి నడవకండి. తీర్థం ముందు గోష్ఠిలో ఉన్నవాళ్లకు ఇస్తారు, మనకు తర్వాత. అలగాల్సిన పని లేదు, అది అక్కడి వరుస. తీర్థం తాగిన చేతిని మన అలవాటు ప్రకారం తలకు రాసుకోవడం కొందరు పెద్దలకు నచ్చదు. నోటికి తగిలిన చెయ్యి కదా అంటారు. పంచె కొంగుకో రుమాలుకో తుడుచుకుంటే సరిపోతుంది.

ఏడు: ప్రదక్షిణ చేసి కాసేపు కూర్చోండి. ప్రసాదం అమ్మే చోట పులిహోర ఉంటే తీసుకోండి. వాళ్లది పుళియోదరై, మన పులిహోర కంటే కాస్త ముదురు రంగు, మిరియం ఘాటు. ఏది బాగుంటుందన్న వాదన బండిలో పెట్టుకోవచ్చు.

నామం ఆకారం చూసి తెన్‌కలై, వడకలై అనే రెండు వైష్ణవ శాఖల గురించి అర్చకులతో చర్చ పెట్టకండి. ఫోటోలు ఆవరణలో చాలు, సన్నిధిలో ఫోన్ తీయొద్దు.

ఇంకోటి. ఇది 108 దివ్యదేశాల్లోది కాదు. దివ్యదేశాలంటే ఆళ్వార్లు పాశురాల్లో పాడిన క్షేత్రాలు, ఇది అలాంటి పాశురం లేని ఊరు. అందుకే దివ్యదేశాల టూర్లలో వెళ్లేవాళ్లకు బస్సు ఇక్కడ ఆగకపోవచ్చు. ముందే అడిగి తెలుసుకోండి.

7. అవతార స్థలం

గుడి నుంచి బయటికొచ్చాక దీనికి వెళ్లండి, ముందు కాదు. గుడి చూడకుండా ఇక్కడికొస్తే నాలుగు స్తంభాలూ ఒక కప్పూ తప్ప ఏమీ కనిపించదు. లోపల తాన్ ఉగంద తిరుమేనిని చూసి, ఆ కథ విని వస్తే చూపు మారుతుంది.

ఇక్కడ టికెట్టు, గైడు, లైను ఏమీ ఉండవు. కాబట్టి ఏం చేయాలో మనమే అనుకుని రావాలి. మేం చేసేది ఇది:

- మండపం మెట్ల దగ్గర కూర్చుని, తెలిసినవాళ్లు తనియనో (ఆచార్యుల స్తుతి శ్లోకం) ఒక పాశురమో చదువుతారు. తెలియనివాళ్లు ఊరికే కూర్చుంటారు.
- పిల్లల్లో ఒకరు తిరుక్కచ్చి నంబి కథ చెబుతారు. వచ్చే దారిలో విన్నదే, తప్పులతోనే.
- తర్వాత కోనేటి వైపు, మాడవీధుల్లో ఒక చుట్టు నడుస్తాం.

ఆ నడక వదలకండి. పాత ఇళ్ల అరుగులు, తెల్లవారి వేసిన ముగ్గులు, ఎవరింట్లోంచో సాంబారు వాసన. తండ్రి పోయాక ఇంటిల్లిపాదినీ తీసుకుని కంచికి వెళ్లిపోయే దాకా ఆయన తిరిగిన ఊరు ఇదే. పెళ్లి కూడా అప్పటికే అయింది.

ఎవరి ఇంటి ముందూ నిలబడి "ఇదేనా ఆ ఇల్లు?" అని లోపలికి తొంగి చూడొద్దు. అవి జనం కాపురం ఉంటున్న ఇళ్లు.

8. మిగిలిన పూట ఏం చేయాలి

పదిన్నరకల్లా ఇదంతా అవుతుంది. ఇక్కడ ఎక్కువమంది చేసే పని: "ఎలాగూ ఇంత దూరం వచ్చాం" అని కంచిలో ఆరు గుళ్లు, పట్టుచీరల షాపింగు, వీలైతే మహాబలిపురం. అలా చేస్తే సాయంత్రానికి ఏ గుళ్లో ఏం చూశామో గుర్తుండదు. కింది వాటిలో ఒక్కటే ఎంచుకోండి.

పూట ప్లాన్: మధురమంగళం. ఎంబార్ పుట్టిన ఊరు, శ్రీపెరుంబుదూర్‌కు దగ్గర్లోనే. గురువు యాదవప్రకాశుల దగ్గర చదువుకునేటప్పుడు రామానుజులకు ముప్పు తలపెట్టారని తెలిసి, ముందే హెచ్చరించి కాపాడింది ఈ తమ్ముడే. చిన్న పల్లె గుడి. మూసి ఉందేమో శ్రీపెరుంబుదూర్ గుళ్లోనే అడిగి వెళ్లండి. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు.

రోజు ప్లాన్: కంచి, చదువు దారి. పదిన్నరకు బయల్దేరి కంచి చేరి, భోజనం చేసి, గది తీసుకునో సత్రంలోనో మూడున్నర దాకా పెద్దవాళ్లను పడుకోనివ్వండి. సాయంత్రం వరుస ఇలా పెట్టుకోండి.

- తిరుప్పుట్కుళి: కంచి దాటి, బెంగళూరు హైవే మీద పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. యాదవప్రకాశుల దగ్గర చదువు సాగింది ఇక్కడే అంటారు. విజయరాఘవ పెరుమాళ్ గుడి దివ్యదేశం కూడా. జటాయువుకు రాముడు సంస్కారం చేసిన చోటని స్థలపురాణం.
- సాలై కిణరు: సెవిలిమేడు వైపు ఉన్న బావి. ఆ ముప్పు తప్పించుకుని వింధ్యారణ్యంలో దారి తప్పిన రామానుజులను వేటగాళ్ల వేషంలో వచ్చి ఇక్కడ వదిలింది వరదరాజస్వామి, అమ్మవారేనని కథ. అప్పటి నుంచి ఆయన ఈ నీళ్లు మోసి స్వామికి సమర్పించారు. చీకటి పడకముందే వెళ్లండి.
- వరదరాజస్వామి గుడి: చివర్లో. తొందరగా ముగించాలనుకోకండి. కోయిల్ ఇడ్లీ దొరికితే వదలొద్దు. మిరియాలు, జీలకర్ర, శొంఠి వేసి చేస్తారు.

పట్టుచీరలకు ఇంకో రోజు పెట్టుకోండి. ఈ మాట మా ఇంట్లో ఇంతవరకూ నెగ్గలేదు, అది వేరే సంగతి.

9. పొరపాట్లు, సర్దుబాట్లు

తలుపులు మూసే వేళకు చేరారా? నాకు మొదటిసారి అదే జరిగింది. పూందమల్లిలో టిఫిన్‌కు ఆగి, కబుర్లలో పడి, పన్నెండూ పదికి గుడి ముందు దిగాం. మామయ్యగారికి షుగరు, ఇద్దరు పిల్లలు, చేతిలో ఒక్క పెరుగన్నం పొట్లం. తప్పు పూర్తిగా నాదే. ఇలా అయితే వెనక్కి తిరగకండి. అవతార స్థలం, మాడవీధులు, కోనేరు ముందు చూసి, భోజనం చేసి, నాలుగింటికి గుడిలోకి వెళ్లండి. వరుస తలకిందులవుతుంది, కానీ ప్రయాణం వృథా కాదు.

తిరునక్షత్రం రోజున తెలియక వచ్చేశారా? సన్నిధిలో గంటలకొద్దీ నిలబడే కంటే, వీధిలో ఉత్సవమూర్తి వాహనం వచ్చేదాకా ఆగండి. దగ్గర్నుంచి చూసేది అప్పుడే.

పెద్దవాళ్లకు కళ్లు తిరుగుతున్నాయా? రాతి గచ్చు ఎండకు కాలిపోతుంది. పదకొండు తర్వాత ప్రదక్షిణ వద్దు. పాత సాక్సు జత సంచిలో ఉంచుకోండి.

పిల్లలు విసిగిపోయారా? గుడి చుట్టూ తిప్పే కంటే కోనేటి గట్టు దగ్గర కూర్చోబెట్టండి. మెట్లు దిగనివ్వకండి.

10. రాత్రి సర్దుకునేటప్పుడు చూసుకోవాల్సినవి

- మగవాళ్లకు పంచె లేదా ప్యాంటు, ఆడవాళ్లకు చీర లేదా చుడీదార్. షార్ట్స్ వద్దు.
- మంచినీళ్లు మనిషికి ఒక సీసా, పెద్దవాళ్ల మాత్రలు, తినడానికి ఏదైనా.
- చిల్లర నోట్లు. ఆటోకు, తులసికి, హారతి పళ్లేనికి.
- పేర్ల జాబితా, మూడు తమిళ ముక్కలు.
- తమిళ క్యాలెండర్‌లో మర్నాటి నక్షత్రం, ముహూర్తం. పెళ్లి ముహూర్తం ఉంటే హైవే మీద మండపాల దగ్గర ఇంకో అరగంట కలుపుకోండి.
- ఫాస్టాగ్, పెట్రోలు.
- పెరుగన్నం. రెండు పొట్లాలు.

తిరుగు ప్రయాణం సాయంత్రం అయిదు, ఏడు మధ్య పడితే షిఫ్టు బస్సుల వెనకే రావాలి. ఆ గంటలో రోడ్డెక్కే బదులు శ్రీపెరుంబుదూర్‌లోనే ఆగి కాఫీ తాగి, ఏడు దాటాక బయల్దేరండి. దాదాపు అదే వేళకు ఇల్లు చేరతారు, క్లచ్ తొక్కి తొక్కి కాలు మాత్రం నొప్పెట్టదు.